అన్నం మానకుండా తగ్గిన బరువు: నా అనుభవం

82 కిలోలుండే నేను 65కి వచ్చాను. వచ్చి మూడేళ్లు దాటింది. మధ్యలో ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అయ్యాయి గానీ పాత బరువు మళ్లీ రాలేదు. తెలిసినవాళ్లు కనపడగానే "ఏం మానేశావ్?" అని అడుగుతారు. అన్నం మానేసి ఉంటానని వాళ్ల నమ్మకం. నేను రోజూ అన్నం తింటాను. జొన్న రొట్టె, ఆలుగడ్డ, చిలగడదుంప, ఇడ్లీ, మొక్కజొన్న కంకి, ఏదైనా కడుపు నిండా తింటాను. మానేసినవి నూనె, నెయ్యి, పాలు, పెరుగు, మాంసం, గుడ్లు. ఇది వినగానే ఎవరైనా రెండు ప్రశ్నలు అడుగుతారు. అన్నం తింటూ ఎలా తగ్గావు? పెరుగు లేకుండా ఎలా ఉంటున్నావు? నా వరకు రెండోదే కష్టమైన ప్రశ్న.

నాకిప్పుడు 47. హైదరాబాద్ తార్నాకలో ఉంటాం. అబిడ్స్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలోనే. బాబు పుట్టాక పెరిగిన బరువు పెరుగుతూనే పోయింది. మెట్లు దిగితే మోకాళ్లు పట్టేసేవి. ఒకసారి ఆఫీసు హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్‌కి ముందు దశ, ఇప్పుడు బరువు తగ్గితే షుగర్ రాకుండా ఆపుకోవచ్చు అని డాక్టర్ గారు చెప్పారు.

అప్పటికే చాలా డైట్లు చేసి ఉన్నాను. పేర్లు వేరైనా చెప్పేది ఒకటే: అన్నం తగ్గించు, రొట్టె లెక్కపెట్టు, ఆకలేస్తే నీళ్లు తాగు. పనీర్, గుడ్లతో నడిచే డైట్‌లో బరువు గబగబా తగ్గింది కూడా. కానీ ఆ ఆకలిని ఎంతకాలం ఓర్చుకోగలం? ఆఫీసు నుంచి వచ్చి, ఇంట్లో అందరికీ వండి పెట్టి, నేను మాత్రం కీరదోస ముక్కలు నములుతూ కూర్చుంటే రాత్రి నిద్ర పట్టేది కాదు. ఏ పెళ్లికో వెళ్లి అన్నం ముట్టుకున్న రోజుతో ఆ డైట్ అయిపోయేది. తగ్గిన కిలోలన్నీ తిరిగొచ్చేవి. అందుకే నేను తగ్గడం గురించి కంటే నిలబడటం గురించే ఎక్కువ రాయాలనుకున్నాను. కడుపు మాడ్చుకుని ఎవరూ జీవితాంతం నిలబడలేరు. కడుపు నిండితేనే మనిషి మాట మీద ఉండగలడు.

ఈ పద్ధతి గురించి మొదట చెప్పింది ఆఫీసులో మా సీనియర్ మేడం. జాన్ మెక్‌డూగల్ అనే అమెరికా డాక్టర్ 1970లలో హవాయిలో చెరకు తోటల్లో పనిచేసే కుటుంబాలకి వైద్యం చేసేవారట. జపాన్, ఫిలిప్పీన్స్, చైనా, కొరియాల నుంచి వచ్చిన మొదటి తరం పెద్దవాళ్లు అన్నం, కూరగాయలు తింటూ సన్నగా, చురుగ్గా ఉండేవారు. వాళ్ల పిల్లలు, మనవలు అమెరికా తిండికి అలవాటు పడి లావయ్యారు, షుగరు, బీపీ తెచ్చుకున్నారు. జన్యువులు అవే, మారింది పళ్లెమే కదా అన్నది ఆయన గమనించిన విషయం. ఆ తర్వాత జీవితమంతా ఆయన చెప్పింది ఇదే: ధాన్యాలు, దుంపలు, పప్పులు, కాయధాన్యాలు కడుపు నిండా తినండి, వాటితో కూరగాయలు, పళ్లు తినండి, జంతువుల నుంచి వచ్చేది ఏదీ వద్దు, నూనె అసలే వద్దు. ఆయన 2024లో పోయారు.

మేడం చెప్పిన సంగతి రాత్రి ఇంట్లో చెప్తుంటే మా అత్తమ్మ మధ్యలో అందుకుంది. ఆమెది జహీరాబాద్ దగ్గర పల్లె. "మా చిన్నప్పుడు నూనె ఏడిది బిడ్డా? పండుగకే మూకుడు పెడుతుండె. పొద్దుగాల గట్క, రాత్రికి రొట్టె, పచ్చి పులుసు. గంతే. లావు మనిషిని చూడాల్నంటే షావుకారి ఇంటికి పోవాలె" అంది. హవాయి డాక్టర్ మాట మీద నాకు నమ్మకం కుదిరింది అత్తమ్మ వల్లే.

ఇక లెక్క. మా ఇంట్లో నలుగురం. నెలకి ఐదు లీటర్ల నూనె క్యాన్ ఒకటి అయిపోయేది. కాగితం మీద వేసి చూస్తే మనిషికి రోజుకి దాదాపు 38 గ్రాములు, అంటే సుమారు 340 కేలరీలు. పిండి పదార్థంలో గ్రాముకి 4 కేలరీలుంటే కొవ్వులో 9 ఉంటాయి. నూనెలో నీళ్లుండవు, పీచుండదు, ఎంత పోసినా కడుపు నిండినట్టు తెలియదు. అవే 340 కేలరీలు ఉడికించిన ఆలుగడ్డల రూపంలో తినాలంటే దాదాపు 400 గ్రాములు తినాలి. ఒక్క పూటలో అన్ని ఆలుగడ్డలు తిన్నాక ఇంకేమైనా తినబుద్ధవుతుందా? తర్వాత 2024లో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, మేమంతా ఎన్‌ఐఎన్ అంటాం, కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. 2000 కేలరీల రోజు భోజనంలో వాళ్లు చూపిన నూనె, కొవ్వుల వాటా 27 గ్రాములు. మా ఇల్లు దానికి ఎంత పైన ఉందో చూసి మా ఆయన కూడా ఆశ్చర్యపోయారు.

నూనె లేకుండా వంటా అనేవాళ్ల కోసం ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఇనుప మూకుడు బాగా వేడెక్కనిచ్చి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి పొడిగానే వేయాలి. ఆవాలు చిటపటలాడటానికి వేడి చాలు, నూనె అక్కర్లేదు. వెంటనే సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, చిటికెడు ఉప్పు. ఉప్పు తగలగానే ఉల్లిగడ్డ నీరు వదులుతుంది, ఆ నీటిలోనే మగ్గుతుంది. కాసేపటికి అడుగు పట్టడం మొదలవుతుంది. అప్పుడు ఒక చెంచా నీళ్లు చిలకరించి గరిటెతో గీరాలి. అడుగున పట్టిన గోధుమ రంగంతా ఉల్లిగడ్డకి ఎక్కుతుంది. మళ్లీ పట్టనివ్వాలి, మళ్లీ చెంచా నీళ్లు. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే నూనెలో వేయించిన రంగే వస్తుంది, వాసన కూడా దాదాపు అదే. ఆ తర్వాత అల్లం, ఎల్లిగడ్డ, పసుపు, కారం, టమాటా మామూలే. తొందరపడి ఒకేసారి నీళ్లు పోస్తే మాత్రం ఉల్లిగడ్డ ఉడికిపోయి చప్పగా అవుతుంది.

అన్ని కూరలూ ఇలా లొంగవు. బెండకాయ వేపుడు నూనె లేకుండా జిగురవుతుంది, అందుకే దాన్ని పులుసుకి మార్చాను. వంకాయ మంట మీద కాల్చి పచ్చడి చేస్తే దేనికీ తీసిపోదు. ఆకుకూర పప్పులకి నూనె అవసరమే లేదు. తోటకూర, చుక్కకూర, గోంగూర, గంగవాయిలి, వారంలో రోజుకొకటి. పచ్చి పులుసు అయితే పోపు లేకుండానే బాగుంటుంది: చింతపండు నీళ్లు, కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, కొత్తిమీర, కొంచెం బెల్లం. ఊరగాయల్లో ఉప్పులో ఊరిన నిమ్మకాయ ఒక్కటే ఉంచుకున్నాను. ఇంట్లో మిగతావాళ్లు నూనె తింటారు. ఒకే కూర వండి, నా వాటా ముందే గిన్నెలోకి తీసి, మిగతాదానికి పోపు పెడతాను. రెండు వంటలు చేయాల్సి వస్తే ఉద్యోగం చేసే మనిషి వారం కూడా నిలబడలేదు.

ఇప్పుడు పళ్లెం సంగతి. అన్నం తినొచ్చన్నారు కదా అని కుప్పగా తెల్లన్నం, పక్కన చెంచాడు కూర పెట్టుకుంటే అది వేరే భోజనం. మన డాక్టర్లు తెల్లన్నం తగ్గించమనడంలో అర్థం ఉంది. పాలిష్ పట్టాక పీచు చాలావరకు పోతుంది, తింటే షుగర్ త్వరగా పైకి లేస్తుంది. నేను సగం పళ్లెం కూరగాయలు, సగం అన్నమో రొట్టో పెట్టుకుంటాను. ఆలుగడ్డ, చేమగడ్డ కూర అయితే వాటిని అన్నం వైపు లెక్కే వేస్తాను. బియ్యం దంపుడువి. ముందు ఒక గిన్నె చారు తాగి, కూరగాయల వైపు నుంచి మొదలుపెడతాను. రెండోసారి వడ్డించుకోవాలనిపిస్తే వడ్డించుకుంటాను. తూకం వేయను, కేలరీలు లెక్కపెట్టను. ఆఫీసులో రోజంతా లెక్కలే, తినేటప్పుడు కూడా లెక్కలంటే నా వల్ల కాదు.

రాత్రికి ఎక్కువగా జొన్న రొట్టె. తార్నాక మెయిన్ రోడ్డు నుంచి మా సందులోకి తిరిగే మలుపులో ఒకామె సాయంత్రం పొయ్యి పెడుతుంది. మరిగిన నీళ్లు పోసి కలిపిన జొన్న పిండిని పీట మీద అరచేత్తో తట్టుతుంటే ముద్ద తిరుగుతూ తిరుగుతూ పల్చబడుతుంది. పెనం మీద వేశాక పైన చేత్తో నీళ్లు రాస్తుంది, ఆ తడి ఆరగానే తిప్పి, తర్వాత నేరుగా మంట మీద పెడితే పొంగుతుంది. మొదటి రోజు నూనె వేస్తారా అని అడిగాను. "జొన్న రొట్టెకు నూనె ఎవలేస్తరక్కా? పిండి, ఏడి నీళ్లు, గంతే" అంది. ఈ నగరంలో సాయంత్రమైతే దాదాపు ప్రతి కాలనీ మలుపులో ఇలాంటి పొయ్యి ఒకటి ఉంటుంది. నా లాంటి ఉద్యోగస్తులు ఈ తిండి మీద నిలబడగలగడానికి ఆ తల్లుల చేతులే పెద్ద ఆసరా. వాళ్ల గురించి ఎంత చెప్పినా తక్కువే.

ఆదివారం పొద్దున మోండా మార్కెట్‌కి వెళ్లి వారానికి సరిపడా కూరగాయలు తెస్తాం. మధ్యాహ్నం కుక్కర్ నిండా ఆలుగడ్డలు, శివరాత్రి రోజుల్లో అయితే చిలగడదుంపలు, ఉడికించి తొక్కతోనే ఫ్రిజ్‌లో పెడతాను. బొబ్బెర్లో శనగలో నానబెట్టి గుడాలు వండుతాను. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడున్నర అవుతుంది. ఆ వేళప్పటి ఆకలి ముందు ఏ సంకల్పమూ పనిచేయదు. తలుపు తీయగానే చేతికందేది ఏముందో అదే తింటాం. మిక్స్చర్ డబ్బా ఉంటే మిక్స్చర్, ఉడికించిన దుంప ఉంటే దుంప. దుంప మీద ఉప్పు, కారం, నిమ్మరసం పిండుకుని నిలబడే తినేస్తాను, తర్వాత తీరిగ్గా వంట మొదలుపెడతాను. నేను నిలబడటానికి కారణం ఒక్కటే చెప్పమంటే ఫ్రిజ్‌లో ఉన్న ఆ దుంపల గిన్నె అనే చెప్తాను.

పెరుగు దగ్గరికి వస్తాను. పుట్టినప్పటి నుంచి పెరుగన్నంతో ముగియని భోజనం నాకు తెలియదు. మాంసం మానేటప్పుడు అంత బాధ కలగలేదు గానీ పెరుగు మానేశాక భోజనం చేసి లేచినా ఏదో మిగిలిపోయినట్టే ఉండేది. మంచం మీద పడుకున్నాక కూడా నాలుక అదే అడిగేది. పల్లీలతో, జీడిపప్పుతో పెరుగు చేసుకోవచ్చని కొందరు చెప్పారు, కానీ దాన్లో కొవ్వు ఎక్కువ, బరువు తగ్గాలనుకునే మనిషికి అది దారి కాదు. చివరికి భోజనం చివర చల్లటి పచ్చి పులుసు అన్నం అలవాటు చేసుకున్నాను. ఎండాకాలంలో రాగి అంబలి ఉప్పు, ఉల్లిగడ్డ నంజుకుని. పులుపూ చలవా రెండూ దొరికాయి. రెండో నెల దాటేసరికి నాలుక అడగడం మానేసింది. ఎవరైనా ఈ దారిలో మొదలుపెడితే ఈ రోజుల గురించి ముందే తెలుసుకుని ఉండండి, ఇది పోతుంది.

చాయ్ కూడా అంతే. ఆఫీసు కింద ఇరానీ హోటల్‌లో నాలుగు గంటలకి చాయ్, ఉస్మానియా బిస్కెట్ నాకు పని ఒత్తిడి దిగే సమయం. చాయ్ మానేసి నేను ఒక్కదాన్నే పైన కూర్చుంటే ఆ స్నేహాలు పోతాయి. అందుకే వాళ్లతో దిగి లెమన్ టీ తాగుతాను. కబుర్లు అవే, మనుషులు వాళ్లే.

పండగలు, ఫంక్షన్లు వేరే పరీక్ష. మా వైపు దసరా అంటే మటన్. తమ్ముడింట్లో మరదలు ప్రేమగా వడ్డించబోతుంది, "వదినా, ఒక్క ముక్కతో ఏమైతది?" అంటుంది. ఒక్క ముక్కతో నిజంగానే ఏమీ కాదు. కానీ ఆ ఒక్క ముక్క తర్వాత వారమంతా నాతో నేను బేరమాడుకుంటూ ఉండాలి: ఇవాళ పెళ్లి కదా, రేపు బర్త్‌డే కదా, ఎల్లుండి బోనాలు కదా. రోజుకోసారి నిర్ణయం తీసుకోవడం కంటే ఒక్కసారే తీసుకుని వదిలేయడంలో సుఖం ఉంది. మరదలికి అదే చెప్పాను, "నీ చేతి వంట మీద కోపం కాదమ్మా, ఒకసారి మొదలుపెడితే నేను ఆపలేను" అని. అర్థం చేసుకుంది. ఇప్పుడు నేను వెళ్తున్నానంటే నా కోసం ఒక గిన్నెలో పోపు పెట్టని పప్పు తీసి ఉంచుతుంది. పెళ్లిళ్లకి మాత్రం ఇంట్లో తినే వెళ్తాను. అక్కడ అన్నం, సాంబారు, సలాడ్, పళ్లు పెట్టుకుని బంధువుల పక్కన కూర్చుంటాను. ఆకలి లేని మనిషికి బిర్యానీ వాసన తట్టుకోవడం కష్టమేమీ కాదు.

బరువు ఒకే తీరుగా తగ్గలేదు. మొదటి మూడు నాలుగు నెలలు బాగా తగ్గింది, తర్వాత 71 దగ్గర నెలల తరబడి కదల్లేదు. అప్పుడు మా వంటిల్లు ఇంకోసారి పరిశీలించాను. నూనె లేదు గానీ పల్లీలు ఉన్నాయి. పల్లీ చట్నీ, కూరల్లో నువ్వుల పొడి, పచ్చళ్లలో కొబ్బరి. అవి మంచి తిండే, సందేహం లేదు. కానీ 100 గ్రాముల పల్లీల్లో 560 పైన కేలరీలుంటాయి, అంతే బరువు అన్నంలో 130. పల్లీ చట్నీ స్థానంలో టమాటా, పుదీనా, దోసకాయ పచ్చళ్లు పెట్టాను, పల్లీలు, నువ్వులు కూర రుచికి ఒక చెంచా వరకే. దానితోపాటు పొద్దున్నే ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో నడక. మళ్లీ తగ్గడం మొదలైంది. వారానికి ఒకసారే తూకం చూసుకుంటాను. రోజూ చూసుకుంటే ఉప్పు, నీళ్ల తేడాకే టెన్షన్ పడతాం.

ఇది నా ఒక్కదాని అదృష్టమేమో అనే అనుమానం నాకూ ఉండేది. న్యూజిలాండ్‌లో గిస్‌బర్న్ అనే ఊళ్లో చేసిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. లావుగా ఉన్నవాళ్లకి నూనె, పాలు లేని శాకాహారం, ముడి ధాన్యాలు, దుంపలు, కాయధాన్యాలు కడుపు నిండా తినమన్నారు. కేలరీల లెక్క లేదు, వ్యాయామం చేయాలన్న నియమం లేదు. ఆరు నెలలకి సగటున 12 కిలోలు తగ్గారు. ఏడాది గడిచాక కూడా ఆ తగ్గుదల దాదాపు అలాగే ఉంది. నాకు ధైర్యం ఇచ్చింది ఈ రెండో సంగతే. ఆరు నెలలకి తగ్గించే డైట్లు చాలా ఉన్నాయి, ఏడాదికి నిలబెట్టేవి అరుదు.

ప్రోటీన్ ఎలా అని అందరూ అడుగుతారు. మన దేశ సిఫారసు ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు, నాకు 54 గ్రాముల దాకా. రెండు పూటలా పప్పు, సాయంత్రం గుడాలు, జొన్న రొట్టె, అన్నం, ఆకుకూరలు కలిపితే అది వచ్చేస్తుంది. పప్పు మానేసి ఉత్త అన్నం, చారుతో గడిపితే మాత్రం రాదు. బీ12 విటమిన్ సంగతి వేరే. అది మొక్కల తిండిలో దొరకదు, మాత్ర వేసుకోవాల్సిందే. న్యూజిలాండ్ అధ్యయనంలో కూడా ఇచ్చారు. నేను డాక్టర్ గారు రాసిన మాత్ర వేసుకుంటాను, ఏటా రక్తపరీక్ష చేయించుకుంటాను. హెచ్‌బీఏ1సీ ఇప్పుడు 5.5. మెట్లు ఇప్పుడు రెయిలింగ్ పట్టుకోకుండా దిగుతాను.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. షుగర్ మాత్రలో ఇన్సులినో, బీపీ మందులో వాడుతున్నవాళ్లు నా అనుభవం చదివి రేపటి నుంచే మొదలుపెట్టకండి. తిండి ఇంతగా మారితే షుగరు, బీపీ పడిపోవచ్చు, మందు డోసు మార్చాల్సి రావచ్చు. మా పిన్నిని నేనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఆయన డోసు చూసి చెప్పాకే మొదలుపెట్టించాను. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఆలుగడ్డలు, పప్పుల విషయంలో వేరే నియమాలుంటాయి.

మిగతావాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి అంటే పొద్దున టిఫిన్ దగ్గర మొదలుపెట్టండి. ఇడ్లీ సాంబారు మనకి అలవాటైన తిండే. పల్లీ చట్నీ పక్కన పెట్టి సాంబారు రెండు గిన్నెలు వేయించుకోండి. బయట తినాల్సి వస్తే ఫుల్కాలు నూనె, నెయ్యి రాయకుండా ఇమ్మంటే ఇస్తారు, ఉడికించిన మొక్కజొన్న ఎక్కడైనా దొరుకుతుంది. రైలు ప్రయాణమైతే ఉడికించిన ఆలుగడ్డలు, ఉప్పూ కారం కలిపిన పొట్లం, నాలుగు జొన్న రొట్టెలు, అరటిపళ్లు. పోయిన నెల తిరుపతి వెళ్లినప్పుడు మా బెర్త్ దగ్గర అందరూ ఆ ఆలుగడ్డలే తిన్నారు, నాకు రెండే మిగిలాయి. ఈసారి రెండు డబ్బాలు పట్టుకెళ్తాను.